మన ఊరి చెత్తకి ఏ దారి మంచిది: కంపోస్టా, గ్యాసా, కరెంటు ప్లాంటా, ల్యాండ్‌ఫిల్లా?

మా బావ ఒక చిన్న టౌన్‌లో కౌన్సిలర్. జనాభా లక్షకి కాస్త అటూ ఇటూ, రోజుకి 40 టన్నుల దాకా చెత్త వస్తుంది. మొన్న ఎండాకాలంలో ఒకరోజు ఫోన్ చేసి, "ఏరా, ఒకళ్ళేమో చెత్తతో కరెంటు తీస్తాం స్థలం ఇవ్వండి అంటున్నారు, ఇంకొకళ్ళు గ్యాస్ ప్లాంటు అంటున్నారు, మా ఇంజనీరు గారేమో పదెకరాలు చూసి ల్యాండ్‌ఫిల్ కడదాం అంటున్నారు, నువ్వు చదివింది ఇదే కదా, ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పు, మీటింగ్‌లో మాట్లాడాలి" అన్నాడు. ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. ఆ తర్వాత నెల రోజులు మేమిద్దరం మాట్లాడుకున్నవి, డంపింగ్ యార్డు దగ్గర నిలబడి చూసినవి, అన్నీ కలిపి రాస్తున్నా, మీ ఊళ్ళో కూడా ఇదే చర్చ నడుస్తుంటే పనికొస్తుందని. అపార్ట్‌మెంట్ వాళ్ళకి కావాల్సింది చివర్లో ఉంది, తొందరగా ఉంటే నేరుగా అక్కడికి వెళ్ళిపోండి.

ముందు తూచండి, ప్లాంటు సంగతి తర్వాత

మీ ఊరి చెత్త సంచి విప్పి చూడకుండా ఏ ప్లాంటు గురించి మాట్లాడినా దండగే. ఇది పెద్ద ల్యాబ్ పని కూడా ఏం కాదు. మూడు చెత్త బండ్లు ఆపండి, ఒకటి డబ్బున్న కాలనీది, ఒకటి ఇరుకు సందులది, ఒకటి మార్కెట్ రోడ్డుది. టార్పాలిన్ పరిచి మూడింట్లోంచి కొంత కొంత కుమ్మరించి పారతో బాగా కలిపి, కుప్పని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేసి, మిగిలింది మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేసి, అలా వంద కిలోల దగ్గరికి తెచ్చుకుని, అప్పుడు గ్లౌజులు వేసుకుని ఏరి తూచాలి: వంటింటి తడి, కాగితం అట్ట, గట్టి ప్లాస్టిక్, కవర్లు, బట్టలు, గాజు, డైపర్లు ప్యాడ్లు, మట్టీ దుమ్మూ. ఒక రోజు సరిపోదు, కనీసం వారం చెయ్యాలి, పైగా సీజన్ సీజన్‌కి మారిపోతుంది. ఎండాకాలంలో మామిడి టెంకలు, ముంజకాయల డొల్లలు, కొబ్బరి బోండాలు బండ్లకి బండ్లు వస్తాయి, వానాకాలంలో అదే చెత్త నీళ్ళు తాగి బరువెక్కుతుంది, దసరాకి పూలు, సంక్రాంతికి ఇళ్ళు దులిపిన పాత బట్టలూ పరుపులూ.

మేం తూచితే సగం కంటే ఎక్కువ తడి చెత్తే వచ్చింది, పావు వంతు దాకా రోడ్డు ఊడ్చిన దుమ్మూ ఇసుకా. మన దేశంలో చాలా ఊళ్ళ లెక్క ఇలాగే ఉంటుంది, తడి 40 నుంచి 60 శాతం. ఈ ఒక్క అంకె తెలిస్తే కింద చెప్పే నాలుగు దారుల్లో సగం గొడవ తీరిపోతుంది.

కరెంటు ప్లాంటు: వినడానికి బాగుంటుంది, మరి నీళ్ళ సంగతో?

అందరికీ ముందు నచ్చేది ఇదే, చెత్తా పోతుంది కరెంటూ వస్తుంది అని. కానీ కట్టెల పొయ్యి ఊదినవాళ్ళకి తెలుసు, పచ్చి కట్టె పెడితే పొగ వస్తుంది గానీ మంట రాదు. కిలో నీళ్ళు ఆవిరి కావాలంటే 600 కిలో కేలరీల పైనే వేడి కావాలి. కిలో చెత్తలో అరకిలో నీళ్ళు ఉంటే 300 కిలో కేలరీలు ఆ నీళ్ళు తరమడానికే పోతాయి, ఇక మట్టి కలిసిందంటే అది మండదు, వేడి తినేసి బూడిదలో కూర్చుంటుంది. బయటి ఇంధనం లేకుండా చెత్త తనంతట తాను మండాలంటే కిలోకి 1500 కిలో కేలరీలు ఉండాలి అనేది మోటు లెక్క. విడదీయని మన చెత్త ఆ గీతకి చాలాసార్లు కిందే ఉంటుంది.

ఇది కాగితం లెక్క అనుకుంటే, 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో డెన్మార్క్ టెక్నాలజీతో రోజుకి 300 టన్నులు కాల్చి 3.75 మెగావాట్లు తీసే ప్లాంటు కట్టారు. వాళ్ళ డిజైన్‌కి కిలోకి 1400 కిలో కేలరీల పైన ఉండే చెత్త కావాలి, వచ్చింది దాంట్లో సగం. కొద్ది రోజుల ట్రయల్‌తోనే ఆగిపోయింది. మన దగ్గర కూడా 2003 ప్రాంతంలో షాద్‌నగర్ దగ్గర 6.6 మెగావాట్లది ఒకటి, విజయవాడలో 6 మెగావాట్లది ఒకటి, చెత్తని ఎండబెట్టి కాల్చే పద్ధతిలో వచ్చాయి, రెండూ నిలబడలేదు.

అలాగని ఇప్పుడు నడిచేవి లేవని కాదు. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలై తర్వాత 24కి పెరిగింది, వైజాగ్ కాపులుప్పాడలో, గుంటూరు దగ్గర 15 మెగావాట్ల లెక్కన ప్లాంట్లు వచ్చాయి. వీటి వెనకాల ఉన్న సైజు చూడండి, హైదరాబాద్ రోజుకి 7 వేల టన్నుల పైనే పోస్తుంది, గుంటూరు ప్లాంటుకి విజయవాడతో పాటు చుట్టుపక్కల మున్సిపాలిటీల చెత్త కలిపి తోలుతారు. బాయిలరు, టర్బైను, పొగ శుభ్రం చేసే ఫిల్టర్లు, ఇదంతా గిట్టుబాటు కావాలంటే రోజుకి వందల టన్నులు కావాలి, అదీ ప్రతి రోజూ తప్పకుండా కావాలి. 40 టన్నుల ఊరికి ఇంత సెటప్ పెట్టడం అంటే నాలుగు ఎకరాల పొలానికి రైసు మిల్లు కట్టుకున్నట్టు. ఇంకో సంగతి, 2015లో సీఈఆర్‌సీ, అంటే కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్, ఈ కరెంటుకి పెట్టిన రేటు యూనిట్‌కి 7.04 రూపాయలు, ఎండబెట్టి తయారుచేసిన ఇంధనంతో అయితే 7.90. సోలార్ మూడు రూపాయల లోపు దొరికే రోజుల్లో ఈ తేడా ఎవరో ఒకరు కట్టాల్సిందే, అది కరెంటు బిల్లు కట్టేవాళ్ళో మున్సిపాలిటీయో అవుతారు. అందుకే దీన్ని కరెంటు ప్లాంటు అని చూడొద్దు, చెత్త తగ్గించే ప్లాంటు అని చూడండి, అప్పుడు ఎంత ఖర్చు పెట్టొచ్చో సరిగ్గా ఆలోచిస్తాం.

బూడిద కూడా అడగాలి. తోలిన చెత్తలో నాలుగో వంతు దాకా బూడిదగా మిగులుతుంది, అందులో పొగ ఫిల్టర్లలో పట్టే సన్న బూడిదలో సీసం, పాదరసం లాంటి భారలోహాలు ఉంటాయి, అది మామూలు గుంతలో వెయ్యడానికి లేదు. ప్లాస్టిక్ లాంటివి కాలినప్పుడు పొగలో వచ్చే విషాలు డయాక్సిన్లు, వాటి పరిమితి ఘనపు మీటరుకి 0.1 నానోగ్రాములు అని రూల్స్‌లో ఉంది, కానీ దాన్ని కొలవడం పొగ గొట్టం పక్కన మీటరు పెట్టి చూసేంత తేలిక కాదు, ఎప్పుడు ఎవరు కొలుస్తారో, కొలిచింది ఎక్కడ పెడతారో ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఇంకో ముఖ్యమైనది, "రోజుకి ఇన్ని టన్నులు ఇవ్వకపోతే మున్సిపాలిటీ జరిమానా కట్టాలి" అనే క్లాజు ఉందా చూడండి. అది ఉంటే రేపు జనం చక్కగా విడదీసి కంపోస్ట్ చేసుకుని చెత్త తగ్గించినా మున్సిపాలిటీకే నష్టం. బావకి ఇది చెప్పగానే ఆ ప్రతిపాదన కాగితాలు మళ్ళీ చదివాడు.

నా మాట: మీ ఊరు పెద్ద నగరం పక్కన ఉండి వాళ్ళ ప్లాంటుకి మీ పొడి చెత్తలో పనికిరాని ముక్క పంపగలిగితే ఓకే. సొంతంగా పెట్టుకునే ఆలోచన మాత్రం వదిలేయండి.

ల్యాండ్‌ఫిల్: గుంత తవ్వి పాతిపెట్టడం అనుకుంటే పొరపాటు

మనం డంపింగ్ యార్డునే ల్యాండ్‌ఫిల్ అనేస్తాం, రెండింటికీ చాలా తేడా ఉంది. ఊరి బయట కుప్ప పోసి వదిలేసేది డంపింగ్ యార్డు. అసలైన ల్యాండ్‌ఫిల్ అంటే అడుగున 90 సెంటీమీటర్ల మందాన బంకమట్టి గట్టిగా కుదించి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు పరిచి, పైన ఊట నీళ్ళు లాగే పైపులు పెట్టి, భూగర్భ జలం మట్టానికి కనీసం 2 మీటర్లు పైన ఉండేలా కట్టేది. ప్రతి రోజూ వేసిన చెత్త మీద కనీసం 10 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. నిండాక పైన 60 సెంటీమీటర్ల బంకమట్టి, నీరు పోయే పొర, దాని మీద మొక్కలు పెరిగే మట్టి, ఆ తర్వాత కూడా కనీసం 15 ఏళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. నదికి 100 మీటర్లు, చెరువులకీ ఇళ్ళకీ తాగునీటి బావులకీ 200 మీటర్లు దూరం ఉండాలని కేంద్రం 2016 ఘన వ్యర్థాల రూల్స్‌లో రాశారు.

పాతిపెడితే ఎలాగూ మట్టిలో కలిసిపోతుంది కదా అని బావ అడిగాడు, చాలామంది అనుకునేది ఇదే. దీని మీద మంచి రీసెర్చ్ జరిగింది. అమెరికాలో అరిజోనా యూనివర్సిటీలో విలియం రాత్జే అనే ఆర్కియాలజీ ప్రొఫెసర్ 1973లో జనం చెత్త మీద పరిశోధన మొదలుపెట్టి, 1987 నుంచి ల్యాండ్‌ఫిల్స్‌నే డ్రిల్లింగ్ చేసి తవ్వించాడు, పాత ఊళ్ళు తవ్వే పద్ధతిలో. దశాబ్దాల కిందటి న్యూస్‌పేపర్లు తేదీతో సహా చదవగలిగేలా ఉన్నాయి, తిండి ముక్కలు గుర్తుపట్టగలిగేలా ఉన్నాయి. గాలీ నీళ్ళూ తగలకుండా గట్టిగా అదిమి మూసేస్తే కుళ్ళడం దాదాపు ఆగిపోతుంది. అమెరికా వాళ్ళ చెత్త పొడి, కాగితం ఎక్కువ. మనది వేరే, తడి ఎక్కువ, పైన నైరుతి వాన, కాబట్టి మన దగ్గర కుళ్ళుతుంది, కానీ గాలి లేని చోట కుళ్ళుతుంది, అలా కుళ్ళితే వచ్చేది మీథేన్. ల్యాండ్‌ఫిల్ గ్యాస్‌లో సుమారు సగం అదే. వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు దాకా వేడి పట్టి ఉంచుతుంది, గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిసిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు పేలడానికి. 2023 మార్చిలో కొచ్చి దగ్గర బ్రహ్మపురంలో చెత్త కుప్ప అంటుకుంటే దాదాపు 12 రోజులు ఊరంతా పొగే.

రెండో బాధ ఊట, లీచేట్ అంటారు, నల్లగా చిక్కగా కాలిపోయిన చింతపండు పులుసులా ఉంటుంది. ఒక చిన్న లెక్క వేసి చూడండి: 5 ఎకరాల గుంత మీద ఒక్క 100 మిల్లీమీటర్ల వాన పడితే 20 లక్షల లీటర్ల నీళ్ళు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 400. అందులో కొంత బయటికి పారిపోయినా మిగతాది చెత్తలోంచి దిగి ఊటవుతుంది. మన దగ్గర తుఫాను వస్తే ఒక్క రోజులో అంత వాన పడుతుంది. ఆ నీళ్ళకి చెరువు ఎక్కడ, శుద్ధి చేసే ప్లాంటు ఎక్కడ అని ముందే అడగకపోతే అది దిగేది పక్క ఊరి బోరులోకే. జవహర్‌నగర్ యార్డు ఊట చేరి పాడైన పక్కనున్న మల్కారం చెరువుని చూస్తే చాలు.

కుప్ప ఎత్తు పెరిగితే ఇంకో ప్రమాదం. ఢిల్లీ గాజీపూర్‌లో 1984లో మొదలైన కుప్ప 2019 నాటికి 65 మీటర్లకి చేరింది, 2017 సెప్టెంబరు 1న ఒక పక్క జారి రోడ్డు మీద పడి ఇద్దరు పోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కొలంబో దగ్గర మీతొటముల్లలో కుప్ప కూలి ఇళ్ళ మీద పడి 30 మందికి పైగా చనిపోయారు, సింహళ ఉగాది పండగ రోజున.

ఇంత చెప్పి ల్యాండ్‌ఫిల్ వద్దా అంటే, కావాలి. ఏ పద్ధతి పెట్టినా చివరికి కొంత మిగులుతుంది, దానికి గుంత కావాల్సిందే. కానీ ఎంత పెద్ద గుంత అనేదే ప్రశ్న. 40 టన్నులూ వేస్తే ఏడాదికి 14,600 టన్నులు. తడి ఎరువుకి, పనికొచ్చే పొడి స్క్రాప్‌కి, రోడ్డు దుమ్ములో కొంత పల్లాలు పూడ్చడానికి పోయి ఎందుకూ పనికిరాని 8 టన్నులే వేస్తే ఏడాదికి 2,920. అంటే 20 ఏళ్ళకని కట్టిన గుంత వందేళ్ళు వస్తుంది, పైగా తడి పడదు కాబట్టి గ్యాస్, వాసన, కుక్కలు, కాకులు అన్నీ తగ్గుతాయి. ఇంజనీరు గారి పదెకరాల మాటకి బావ మీటింగ్‌లో ఇచ్చిన జవాబు ఈ లెక్కే.

కంపోస్టా, గ్యాసా

తడి చెత్తకి అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. మనకి ఇది కొత్త విద్యేమీ కాదు. మా అమ్మమ్మ ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ కుడితి తొట్లోకి, అది గేదెకి, పేడా బూడిదా ఆకులూ పెంటదిబ్బకి, తొలకరికి ముందు ఆ దిబ్బ ఎరువు బండ్ల మీద పొలానికి. తడీ పొడీ కలిపే ఆలోచనే ఎవరికీ రాలేదు, ఎందుకంటే కుడితిలో గాజు పెంకు పడితే గేదె చస్తుంది. ఇప్పుడు మనం చెయ్యాల్సింది ఆ జాగ్రత్తనే వార్డు లెవెల్లో తిరిగి తెచ్చుకోవడం.

కంపోస్టు యార్డు అంటే తడి చెత్త పొడుగు పొడుగు గట్లుగా పోసి, వారానికోసారి తిరగేసి, తేమ 50, 60 శాతం ఉండేలా చూసుకుంటే లోపల వేడి 55 నుంచి 60 డిగ్రీలకి వెళ్ళి రోగక్రిములూ కలుపు గింజలూ చచ్చిపోతాయి, నాలుగు నుంచి ఆరు వారాల్లో తిప్పే పని అయిపోతుంది, ఇంకొన్నాళ్ళు ఆరనిచ్చి జల్లెడ పట్టాలి. వాసన వస్తుందంటే గాలి చాలట్లేదు, లేదా ఎండాకులు తక్కువయ్యాయి అని అర్థం. టన్ను వేస్తే చేతికొచ్చేది 150 నుంచి 250 కిలోల ఎరువు, మిగతాది నీరూ గాలీ అయి పోతుంది. వానపాముల పద్ధతిలో ఎరువు ఇంకా బాగుంటుంది, కానీ వానపాములు 35 డిగ్రీలు దాటితే తట్టుకోలేవు, మన మే నెలలో నీడా తడి గోనెసంచులూ లేకపోతే అన్నీ చస్తాయి, అందుకని ముందు మామూలుగా సగం కుళ్ళబెట్టి చల్లారాక వానపాములకి వేస్తారు. సూర్యాపేట 2000ల మొదట్లోనే రోడ్ల మీద చెత్తకుండీలు తీసేసి, ఇంటింటికీ తిరిగి తడీ పొడీ వేరుగా తీసుకుని, వర్మీకంపోస్ట్ చేసి చూపించింది, దేశం నలుమూలల నుంచి వచ్చి చూసి వెళ్ళారు. అప్పటి ఊరు సైజు కూడా లక్షే. బొబ్బిలి కూడా అంతే, చిన్న మున్సిపాలిటీ, యార్డునే పార్కులా చేసుకుంది.

కంపోస్టుకి అసలు శత్రువు కలిసిన చెత్త. కలిపిన చెత్తని తెచ్చి మెషిన్‌తో వేరు చేసి చేసే ఎరువులో గాజు ముక్కలు, కవర్ల పీలికలు, బ్యాటరీల సీసం ఉంటాయి, రైతు ఒకసారి కాలికి గాజు గుచ్చుకుంటే మళ్ళీ ఊరకే ఇచ్చినా తీసుకోడు. 2016లో కేంద్రం సిటీ కంపోస్టుకి టన్నుకి 1500 రూపాయల సాయం ప్రకటించింది, కానీ ఎరువు శుభ్రంగా లేనిచోట ఆ డబ్బు కూడా నిలబెట్టలేకపోయింది. ఎఫ్‌సీఓ, అంటే కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, ప్రకారం టెస్ట్ చేయించి ఆ రిపోర్ట్ బస్తా మీద అంటించండి, అమ్మకం దానంతట అదే నడుస్తుంది.

గ్యాస్ ప్లాంటు విషయానికొస్తే, ఇది తడి చెత్తని గాలి తగలని ట్యాంకులో కుళ్ళబెట్టి వచ్చే గ్యాస్‌ని పట్టుకునేది, కరెంటు ప్లాంటుకి శత్రువైన తేమే దీనికి మిత్రుడు. కూరగాయల మార్కెట్లు, హోటళ్ళు, హాస్టళ్ళు, ఫంక్షన్ హాళ్ళ తడికి దీన్ని మించింది లేదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూడండి, హైదరాబాద్ ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తల టెక్నాలజీతో రోజుకి 10 టన్నుల కూరగాయల వ్యర్థం వేసి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట గ్యాస్ తీశారు, ఆ గ్యాస్ మార్కెట్ క్యాంటీన్‌లోనే వాడారు. 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో దీని గురించి చెప్పారు. పెద్ద సైజులో ఇండోర్‌ది, 2022 ఫిబ్రవరిలో మొదలైంది, రోజుకి 550 టన్నుల తడి నుంచి 17 వేల కిలోల సీఎన్‌జీ, సిటీ బస్సులకి పోస్తారు. ఇండోర్‌కి అది ఎందుకు కుదిరిందంటే ఇంటి దగ్గరే వేరుగా తీసుకునే అలవాటు ముందు స్థిరపడింది, ప్లాంటు తర్వాత వచ్చింది. ఈ వరస తిరగేస్తే పని కాదు.

దీని బలహీనత ఏంటంటే ఇది ప్రాణమున్న వస్తువు, ఆవు కడుపు లాంటిది. ఒక్కరోజే పెళ్ళి భోజనాల మిగులు నాలుగింతలు పోశారనుకోండి, పిండి ఎక్కువ పులిసినట్టు లోపల పుల్లబడిపోతుంది, గ్యాస్ ఆగిపోతుంది, మళ్ళీ దారికి రావడానికి వారాలు పడుతుంది. రోజూ పీహెచ్, అంటే పులుపు ఎంతుందో, చూసే మనిషి కావాలి, బయటికి వచ్చే స్లర్రీ, అంటే చిక్కటి బురద నీళ్ళు, ఎక్కడికి పంపాలో తెలియాలి, ప్లాస్టిక్ పడితే పంపులు పట్టేస్తాయి. కొబ్బరి బోండాలు, ముంజ డొల్లలు, ఎండు కొమ్మలు దీనికి పనికిరావు, వాటికి కటింగ్ మెషిన్ పెట్టి కంపోస్టుకే పంపాలి.

కాబట్టి మా 40 టన్నుల ఊరికి నేను చెప్పింది: ఇళ్ళ తడికి కంపోస్టు, రైతుబజారు, హోటళ్ళ తడికి చిన్న గ్యాస్ ప్లాంటు, అదీ రోజుకి 2, 3 టన్నులతో మొదలుపెట్టి, ఏడాది బాగా నడిస్తేనే పెంచండి. ఒక్కటే పెట్టే స్తోమత ఉంటే కంపోస్టు, ఎందుకంటే అది చెడినా పారతో బాగుచేసుకోవచ్చు. కేరళలో అలప్పుళ వాళ్ళు ఇంకో దారి పట్టారు, 2012లో పక్క ఊరి జనం చెత్త లారీలు ఆపేస్తే, ఇక గతిలేక వీధి వీధికీ నాలుగడుగుల పెట్టెలు పెట్టి, ఇళ్ళల్లో చిన్న గ్యాస్ ప్లాంట్లు పెట్టి, చెత్త ఊరు దాటకుండా చేసుకున్నారు. స్థలం అస్సలు దొరకని ఊళ్ళకి ఇది నిజంగా మంచి మార్గం.

పొడి చెత్త ఎవరి చేతికి

ఇక్కడ పెద్ద టెక్నాలజీ ఏం లేదు, ఎవరికి ఇస్తాం అన్నదే ముఖ్యం. కాంట్రాక్టరుకి మొత్తం ఇచ్చేస్తే లాభమున్న సీసాలు, అట్టలు తీసుకుని కవర్లు మళ్ళీ యార్డులోనే పడేసే ప్రమాదం ఉంది. ఇప్పటికే ఆ యార్డు మీద చిత్తుకాగితాలు ఏరుకుని బతికేవాళ్ళు ఉంటారు, ప్లాస్టిక్‌లో ఏది ఏ రకమో చేత్తో నలిపి శబ్దం విని చెప్పేస్తారు, ఆ పనితనం ఏ మెషిన్‌కీ లేదు. పుణేలో 2008 నుంచి అలాంటి ఆడవాళ్ళ సహకార సంఘమే ఇంటింటి సేకరణ చేస్తోంది. ఐడీ కార్డు, గ్లౌజులు, నీడ, సార్టింగ్ టేబులు ఇస్తే చాలు. బావని మొదట కలవమన్నది కూడా ఎవరినో పెద్దవాళ్ళని కాదు, యార్డు మీద ఏరుకునే ఆ పది కుటుంబాలనే.

అమ్ముడుపోని కవర్లు, చిరిగిన బట్టలు, చెప్పులు మిగులుతాయి. వీటికి మన రెండు రాష్ట్రాలకీ ఒక వసతి ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలు. జగ్గయ్యపేట, మట్టపల్లి, తాండూరు, ఎర్రగుంట్ల వైపు ఏదో ఒకటి దగ్గర్లో ఉంటుంది. కొలిమిలో వేడి 1400 డిగ్రీల పైన, బూడిద కూడా క్లింకర్‌లో (సిమెంటుకి ముడి గడ్డలు) కలిసిపోతుంది కాబట్టి మళ్ళీ పాతే పని లేదు. చెత్త నుంచి ఇంధనం తయారుచేసే ప్లాంటుకి 100 కిలోమీటర్ల లోపు ఉన్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం ఇలాంటిది వాడాలని 2016 రూల్స్‌లోనే పెట్టారు. కానీ పొడిగా, మట్టి లేకుండా, బేళ్ళు కట్టి పంపితేనే తీసుకుంటారు, లారీ కిరాయి ఎవరిదో ముందే తేల్చుకోండి.

పాత కుప్పని ఏం చెయ్యాలి

వదిలేయడం ఒక దారి అనుకుంటారు, అది దారి కాదు, ఊట ఏళ్ళ తరబడి దిగుతూనే ఉంటుంది. మిగిలినవి రెండు. మట్టీ షీటూ కప్పి మూసేయడం, జవహర్‌నగర్‌లో కోటి టన్నులకి పైగా ఉన్న పాత చెత్తకి అదే చేశారు, అంత కొండని తవ్వడం తేలిక కాదు కాబట్టి. కప్పితే వాసనా వాన ఊటా తగ్గుతాయి గానీ కింద షీటు లేదు, స్థలమూ తిరిగి రాదు, గ్యాస్ పైపులు ఏళ్ళ తరబడి చూసుకోవాలి. రెండోది తవ్వి జల్లెడ పట్టడం, బయోమైనింగ్ అంటారు. ఇండోర్‌లో 13 లక్షల టన్నుల దాకా ఇలా చేసి 2018లో వందెకరాలు ఖాళీ చేశారు. స్వచ్ఛ భారత్ రెండో దశలో టన్నుకి 550 రూపాయల లెక్క పెట్టారు, అంటే మీ యార్డులో లక్ష టన్నులు ఉంటే ఐదున్నర కోట్లు. చిన్న ఊళ్ళకి నేను దీన్నే చెప్తాను, ఒకే ఒక్క షరతుతో, కొత్త చెత్త అక్కడ పడటం ముందు ఆగాలి. ఒక పక్క తవ్వుతుంటే ఇంకో పక్క లారీలు పోస్తుంటే ఆ బిల్లుకి అంతు ఉండదు. తవ్వకం జనవరి నుంచి మే లోపు పెట్టుకోండి, తడిసిన చెత్త జల్లెడ పడదు. జల్లెడ కింద వచ్చే మట్టి నల్లగా మంచి ఎరువులా కనిపిస్తుంది, భారలోహాల టెస్ట్ లేకుండా పొలాలకి మాత్రం తోలకండి, పల్లపు స్థలాలు పూడ్చుకోవడానికి వాడండి.

అపార్ట్‌మెంట్ వాళ్ళకి

100 ఫ్లాట్లు అంటే రోజుకి 50, 60 కిలోల తడి. తడీ పొడీ కలిపి 100 కిలోలు దాటితే రూల్స్ ప్రకారమే మీరు పెద్ద ఎత్తున చెత్త చేసేవాళ్ళ లెక్క, తడిని అక్కడే చూసుకోవాలి. ఇక్కడ మూడు ఎంపికలు ఉంటాయి. ఇటుక తొట్లు లేదా జాలీ పెట్టెలు, వీటికి రోజుకి ఒక మనిషి గంట పని, ఎండాకులు, కాస్త చోటు చాలు. రెండోది కరెంటు కంపోస్టు మెషిన్. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్ళ కిందట ఒకటి కొన్నాం, 24 గంటల్లో ఎరువు అన్నారు. వచ్చింది ఎండబెట్టిన తిండి పొడి, మొక్కలకి వేసి నీళ్ళు పోయగానే మళ్ళీ బూజు పట్టి కంపు కొట్టింది, వేర్లు దెబ్బతిన్నాయి. అంత తక్కువ టైములో తేమ పోతుంది గానీ ఎరువు కాదు, దానికి ఇంకా మూడు నాలుగు వారాలు తొట్లో మగ్గాలి, ఆ సంగతి కొనేటప్పుడు మేం అడగలేదు. కరెంటు బిల్లు చూసి ఆపేశాం, ఇప్పుడది సెల్లార్‌లో టార్పాలిన్ కింద ఉంది. మెషిన్ కొనాల్సి వస్తే ముందు వాళ్ళు ఇప్పటికే పెట్టిన చోటికి, పెట్టి రెండేళ్ళు దాటిన చోటికి వెళ్ళి వాచ్‌మన్‌ని అడగండి. మూడోది చిన్న గ్యాస్ ప్లాంటు, 50 కిలోల తడికి రోజుకి సుమారు 5 ఘనపు మీటర్లు, అంటే వారానికి ఒక సిలిండరు అంత. క్యాంటీనో క్లబ్‌హౌస్ కిచెనో ఉంటేనే పెట్టండి, గ్యాస్ వాడే చోటు లేకపోతే ఊరికే గాలిలోకి వదలాల్సి వస్తుంది, అది మీథేన్.

నన్నడిగితే 200 ఫ్లాట్ల లోపు ఉన్నవాళ్ళకి ఇటుక తొట్లే. సొంత ఇల్లు ఉన్నవాళ్ళకి మూడు మట్టి కుండలూ కొబ్బరి పీచూ పుల్ల మజ్జిగా చాలు.

ఏది ఎంచుకున్నా డైపర్లు, ప్యాడ్లు న్యూస్‌పేపర్‌లో చుట్టి మీద ఎర్ర పెన్నుతో గీత పెట్టి వేరుగా ఇవ్వండి, ట్యూబులైట్లు, బ్యాటరీలు, గడువు దాటిన మందులు ఇంకో డబ్బాలో. మన చెత్త విప్పేది ఒక మనిషి చెయ్యి, చాలాసార్లు గ్లౌజు లేని చెయ్యి.

బావవాళ్ళ ఊళ్ళో ఇప్పుడు రెండు వార్డుల్లో వేరుగా తీసుకోవడం మొదలైంది, బండి మధ్యలో రేకు వెల్డింగ్ చేయించి రెండు అరలు చేశారు. మొదటి పది రోజులు అందరూ కలిపే ఇచ్చారట, బండి మీద అమ్మాయి ఒక్కో ఇంటి ముందు ఆగి వాళ్ళ బకెట్ వాళ్ళ ముందే విడదీసి చూపించాక మూడో వారం నుంచి మారుతోందట. గ్యాస్ ప్లాంటు టెండరు ఆపి పెట్టారు. వానలు పడ్డాక ఆగస్టులో మళ్ళీ టార్పాలిన్ పరిచి తూచాలి, నన్ను కూడా రమ్మన్నాడు.